సున్నం కన్నా ముందు కాగితం: నా కన్సర్వేషన్ చదువు, ఉద్యోగం

పాత కట్టడాల కన్సర్వేషన్ చదవాలనుందని ఫోన్ చేసే జూనియర్లను నేను మొదట అడిగేది ఒక్కటే: రిపోర్టులు రాసే ఓపిక ఉందా? చాలామంది కాసేపు ఏమీ మాట్లాడరు. చార్మినార్ చుట్టూ కట్టిన పరంజా ఎక్కి గచ్చుతో, అంటే సున్నపు గారతో, చేసిన పూలకు మెరుగులు దిద్దుతామని వాళ్ల ఊహ. ఆ పని ఉంది, కానీ దాన్ని చేసేది మేస్త్రీలు. మా పనిలో ఎక్కువ భాగం కాగితం మీదే జరుగుతుంది. ఏ గోడ ఎంత వాలింది, ఏ పగులు పాతది, ఏది ఇంకా కదులుతోంది, ఏ రాయిని ముట్టుకోకూడదు, ముట్టుకోక తప్పకపోతే ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చును ఏ పద్దు కింద చూపించాలి. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. నాకు మాత్రం ఇందులో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నమ్మకం కుదిరింది. అది ఎలా కుదిరిందో చెబుతాను.

2011లో మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో చేరాను. ఐదేళ్ల కోర్సు. రెండో ఏడాదిలో ఏదో ఒక పాత కట్టడాన్ని కొలిచి గీసే పని ఇస్తారు. మా బ్యాచ్‌కు పైగా అనే వంశంవారి సమాధులు వచ్చాయి. మా ఇల్లు సైదాబాద్‌లో. అక్కడికి ఆటోలో ఎంతో సేపు పట్టదు, అయినా అప్పటిదాకా లోపలికి వెళ్లింది లేదు. నిజాముల కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న పైగా వంశంవారి సమాధులవి. గచ్చుతో చేసిన జాలీలు (చిల్లుల తెరలు), ఒకదాని పక్కన ఒకటి వేర్వేరు డిజైన్లు. టేపు, దారానికి కట్టిన ఇనుప గుండు, గ్రాఫ్ కాగితాలు పట్టుకుని కూర్చుంటే ఒక్కో జాలీకి ఒక పూట పట్టేది. మొదట విసుగు. కొన్ని రోజులు పోయాక, ఆ పనివాడు వృత్తం ఎక్కడ మొదలుపెట్టి ఉంటాడో, ఎక్కడ కొలత కుదరక కాస్త సర్దుకున్నాడో చేతికి తెలియడం మొదలైంది. ఫొటో తీస్తే అది దొరకదు. ఈ పిచ్చి నాకు అక్కడే పట్టింది.

ఇంట్లో చెబితే నాన్న నవ్వాడు. మాకు సిమెంటు, ఇనుము షాపు. "సిమెంటు అమ్మే ఇంట్ల పుట్టి సున్నం సదువుతవా బిడ్డా?" అన్నాడు. అమ్మకు పెళ్లి టెన్షన్. ఆ సంవత్సరం మా ఇంట్లో జరిగిన చర్చలన్నీ రాస్తే వేరే వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నాను.

కన్సర్వేషన్‌లో ఎంఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ పీజీ, అన్ని చోట్లా ఉండదు. ఢిల్లీలో, భోపాల్‌లో ఉన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లు, అహ్మదాబాద్‌లో సెప్ట్ యూనివర్సిటీ నాకు అప్పట్లో కనిపించిన దారులు. విదేశాల్లో ఇంగ్లండ్‌లోని యార్క్, అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలు పేరున్నవి. కొలంబియాలో ఈ చదువు 1964లోనే మొదలైంది. అక్కడి ఫీజు చూసి వెబ్‌సైట్ మూసేశాను. ఎంఆర్క్ సీటు కోసం గేట్ పరీక్ష రాశాను. ఆర్కిటెక్చర్ పేపర్ 100 మార్కులకు ఉంటుంది, అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్. మిగతాదాంట్లో ప్లానింగ్, స్ట్రక్చర్లు, హౌసింగ్, చరిత్ర అన్నీ కలగలిసి వస్తాయి, కన్సర్వేషన్ వాటా కొంచెమే. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ స్కోరుతో ఎంఆర్క్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఆ ఒక్క మాట విన్నాకే నాన్న సంతకం పెట్టాడు. 2017లో ఢిల్లీ వెళ్లాను.

మొదటి సెమిస్టర్ అంతా చార్టర్లు, అంటే పాత కట్టడాలతో ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో చెప్పే పత్రాలు. 1964 నాటి వెనిస్ చార్టర్, 1979లో ఆస్ట్రేలియాలో వచ్చిన బుర్రా చార్టర్, 1994లో జపాన్‌లో వచ్చిన నారా పత్రం, మన దేశానికి వస్తే వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ 2004లో తెచ్చిన చార్టర్. పరీక్ష కోసం బట్టీ కొడితే ఇవి పరమ బోరు. కానీ మా క్లాసులో వీటి మీద పెద్ద గొడవలే జరిగాయి. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలంటుంది వెనిస్ చార్టర్. మరి మన ఊళ్లలో గుళ్లకు చేసే జీర్ణోద్ధారణ మాటేమిటి? శిథిలమైన శిఖరాన్ని గుళ్లు కట్టే స్థపతి శాస్త్రం ప్రకారం మళ్లీ కడితే అది తప్పా? ఇంటాక్ చార్టర్ ఇక్కడ కొంచెం పట్టు సడలిస్తుంది. వాడుకలో ఉన్న కట్టడాల్ని సంప్రదాయ పనివాళ్లు తమ పద్ధతిలో కొత్తగా చేసుకోవచ్చని ఒప్పుకుంటుంది. నా అభిప్రాయం ఇప్పటికీ అదే. స్థపతి చెక్కిన కొత్త రాయితో నాకు పేచీ లేదు. రాతి మండపంలో టైల్స్ పరచడం, స్తంభాలకు ఎనామెల్ పెయింట్ కొట్టడం, చెక్కడాల మీద ఇసుకను ప్రెషర్‌తో చిమ్మి సున్నం వదిలించడం, వీటితోనే పేచీ. ఇసుక దెబ్బకు పోయిన ముక్కు, చెవి ఏ చార్టరూ తెచ్చివ్వలేదు.

అజంతా మీద జరిగిన క్లాసు నాకు ఇంకా గుర్తు. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. 1914లో హైదరాబాద్ ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టింది, గులాం యాజ్దానీ దానికి తొలి డైరెక్టర్. చిత్రాలు పెచ్చులుగా రాలిపోతుంటే ఇటలీ నుంచి లోరెంజో చెక్కోనీని, ఆయన సహాయకుణ్ని పిలిపించారు. 1920ల మొదట్లో వాళ్లు వచ్చి రాలిపోయే పొరల్ని అతికించారు. మా ఊరి ప్రభుత్వం వందేళ్ల కిందటే ఇంత ముందుచూపుతో ఉందని నేను క్లాసులో కాస్త గర్వంగా కూర్చున్నాను. తర్వాతి స్లైడ్‌లో అసలు సంగతి వచ్చింది. వాళ్లు పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి చిత్రాల్ని కమ్మేసింది, దాన్ని తీయడానికి తర్వాతి తరం రసాయన నిపుణులు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఆనాటికి అది మంచి పద్ధతే. అందుకే మనం చేసే ఏ పనైనా రేపు మరొకరు వెనక్కి తీయగలిగేలా ఉండాలి, ఏం పూశామో ఎక్కడ పూశామో రాసి పెట్టాలి. మొదటిది అందరూ చెబుతారు. రెండోది చేసేవాళ్లు తక్కువ.

ల్యాబ్‌లో పాత గచ్చు ముక్కను పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే సున్నం బుసబుస పొంగి కరిగిపోతుంది. అడుగున ఇసుక, ఇటుక పొడి మిగులుతాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టి తూకం వేస్తే ఆనాటి మేస్త్రీ ఏ పాళ్లలో కలిపాడో చాలావరకు తెలుస్తుంది. బెల్లం, కరక్కాయ, మారేడు గుజ్జు, మినప నీళ్లు కలిపారా లేదా అన్నది ఇంత సులువుగా తేలదు. గుడ్డు తెల్లసొన కథ మాత్రం ప్రతి గైడూ ప్రతి కోటలోనూ చెబుతాడు. అన్ని చోట్లా నమ్మకండి.

థీసిస్‌కు హైదరాబాదే తీసుకుంటానన్నాను. 1908 మూసీ వరద తర్వాత నగరంలో కొత్త భవనాలు లేచాయి. ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ గీసిన హైకోర్టు, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషన్ ఆ కాలానివే. వాటి మీద చేయమన్నారు మా గైడ్. నాకేమో వాటి గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారనిపించింది. షాలిబండ వైపు ఒక దేవిడీని, అంటే పాతకాలపు పెద్ద ఇంటిని, పట్టుకున్నాను. ఏ జాబితాలోనూ లేదు. ఒకప్పుడు మగవాళ్లుండే మర్దానా భాగంలో ఒక బ్యాగుల గోడౌన్, ఆడవాళ్లుండే జనానా భాగంలో రెండు కుటుంబాలు. నలుగురు అన్నదమ్ముల ఆస్తి. ఇద్దరు గల్ఫ్‌లో, ఒకరు చికాగోలో. ఇక్కడున్న ఆయన మొదట గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. "ఫొటోలు దీస్కపోయి హెరిటేజ్ అని బోర్డు వెట్టిస్తవా అమ్మా? తర్వాత నేను దీన్ని అమ్ముకునుడెట్ల?"

ఆ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. అమెరికాలో అయితే కొంత ఉంది. చారిత్రక కట్టడాల జాతీయ రిజిస్టర్‌లోకి ఎక్కిన పాత భవనాన్ని నియమాల ప్రకారం బాగుచేసి అద్దెకో వ్యాపారానికో వాడితే, అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గిస్తారు. ఇక్కడ ఆయనకు జాబితాలో పేరు ఎక్కితే కనిపించేది నష్టమే. నేను ఆయనతో వాదించలేదు. గీసిన డ్రాయింగులన్నీ ఒక సెట్టు మీకే ఇస్తాను, ఎక్కడ నీళ్లు కారుతున్నాయో, ఏ దూలం పుచ్చిందో రాసిస్తాను అన్నాను. గేటు తెరిచారు. మూడోసారి వెళ్లేసరికి లోపలి నుంచి చాయ్ రావడం మొదలైంది.

కొలతలు తీసేకొద్దీ ఇల్లు తన సంగతులు చెప్పింది. టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్ కప్పు అది. దానిమీద ఎవరో లీకేజీ ఆగుతుందని సిమెంటు పోశారు. సిమెంటు గట్టిగా ఉంటుంది, కింద ఉన్న సున్నంతో కలిసి కదలదు. సన్నగా పగులుతుంది, ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి, ఆవిరై బయటికి రావడానికి మాత్రం దారి దొరకదు. లోపల చిక్కిన తడికి దూలాల చివర్లు పుచ్చిపోతాయి, గోడల్లోని ఉప్పు పైకి తేలి గచ్చు పొడిపొడిగా రాలుతుంది. గోడ పగులు మీద సన్నటి గాజు ముక్కను అడ్డంగా అతికించి తేదీ రాసి వదిలేశాను. గోడ కదిలితే గాజు విరుగుతుంది. వర్షాకాలం దాటినా విరగలేదు. గోడ నిలకడగానే ఉంది, సమస్య అంతా కప్పుదేనని తేలింది. ఒక కాంట్రాక్టర్ అంతకుముందు మొత్తం కూల్చాల్సిందేనని చెప్పి వెళ్లాడట.

చదువైపోయి నేను హైదరాబాద్ తిరిగొచ్చింది 2019లో. ఆ మే నెలలోనే చార్మినార్ మినార్ నుంచి గచ్చు పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. ఊరంతా కొన్నాళ్లు కన్సర్వేషన్ నిపుణులైపోయారు. అదే ఏడాది ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్ గొడవ. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని ప్రభుత్వం నిర్ణయించింది, జూన్‌లో శంకుస్థాపన కూడా అయింది. వ్యాజ్యాలు పడ్డాయి, సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ వాదనలు నేను వార్తల్లో వరసగా చదివాను. భవనం అందం గురించి అక్కడ ఎంతో చోటు లేదు. అంతా రికార్డు: జాబితాలో ఉందా, ఏ నిబంధన కింద ఉంది, ఆ నిబంధన తీసేశాక ఏమైంది. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాల జాబితాకు ఆధారం నగర నిర్మాణ నిబంధనల్లోని 13వ రెగ్యులేషన్. కట్టడాలే కాక కొన్ని బండరాళ్ల గుట్టలు కూడా ఆ జాబితాలో ఉండేవి. 2015 డిసెంబరులో ఆ రెగ్యులేషన్‌ను తొలగించారు, 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. ఎప్పుడో ఎవరో ఓపికగా జాబితా రాసి పెట్టకపోతే కోర్టులో చూపించడానికి ఏముండేది? రిపోర్టుల మీద నా విసుగు పోయింది అప్పుడే.

ఉద్యోగం దొరకడం వేరే కథ. కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్ కావలెను అని ప్రకటనలు రావు. ట్రస్టులు, ఇంటాక్, ప్రభుత్వ శాఖల్లో ప్రాజెక్టు లెక్కన తీసుకునే కాంట్రాక్టు పోస్టులు, నలుగురైదుగురితో నడిచే ప్రైవేటు ఆఫీసులు, అంతే. నేనొక చిన్న ఆఫీసులో చేరాను. నా మొదటి జీతం, ఐటీ కంపెనీలో అదే ఏడాది చేరిన మా చెల్లెలి జీతంలో సగం కూడా లేదు. పండగలకు ఇంటికొచ్చిన చుట్టాలు ఇద్దరి జీతాలూ పక్కపక్కనే అడిగేవాళ్లు.

సైట్ల మీద నన్ను బాగా ఇబ్బంది పెట్టింది టెండర్. తక్కువ రేటు వేసినవాడికే పని. ఒక పనిలో డ్రైనేజీ కాలువలు కట్టే కాంట్రాక్టర్‌కు పాత కమాను బాగుచేసే పని దక్కింది. సున్నాన్ని నానబెట్టి పెట్టడానికి వారాలు కావాలంటే, బిల్లు మార్చిలోపు పెట్టాలి మేడమ్ అన్నాడు. మార్చి దాటితే బడ్జెట్ పోతుంది, అతని మాట కూడా అబద్ధం కాదు. అక్కడ నన్ను కాపాడింది ఎస్టిమేట్‌లో నేను రాయించిన ఒక వాక్యం: సున్నం ఎన్నాళ్లు నానాలి, గానుగలో ఎంతసేపు తిప్పాలి, ఏ పొర ఎంత మందం, పొరకూ పొరకూ మధ్య ఎంత ఎడం. రాసి లేకపోతే నోటిమాట ఎవరూ వినరు.

సున్నం గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం ఢిల్లీది, సగం ఆ సైట్‌లోని పెద్ద మేస్త్రీది. ఆయన తాపీ వెనక్కి తిప్పి గచ్చును నెమ్మదిగా తట్టి చప్పుడు వినేవాడు. "ఇంకా పచ్చిగనే ఉన్నది మేడమ్, ఇప్పుడు రుద్దితే రేపు పగుల్తది," అనేవాడు. నేను తేమ కొలిచే మీటర్ పెట్టి చూస్తే చాలాసార్లు ఆయనదే నిజం. ఆయన చెప్పినవన్నీ నా నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. అది చూసి, "నా పేరు గూడ రాయుర్రి" అన్నాడు. రిపోర్టు చివర పనివాళ్ల పేర్లు రాయడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

అన్నట్టు, నాన్న ఇప్పుడు షాపులో సిమెంటు కొనేవాళ్లతో, పాతింటికైతే ఇది వద్దు, మా బిడ్డనడగండి అంటున్నాడట. వ్యాపారానికి ఇది మంచిదేమీ కాదు.

అందరూ నా పక్షాన ఉంటారనుకోకండి. 2020 వానలప్పుడు ఒక పాత ఆస్పత్రి భవనం గురించి మా పెదనాన్న నాతో భోజనాల దగ్గర గట్టిగా గొడవపడ్డాడు. "పేషెంటు మంచం పక్కన పెచ్చు వడ్డది నేను కండ్లార చూసిన. మీ చార్టర్లల్ల దాని గురించి ఏం రాసిండ్రు?" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. వందల మంది రోగులతో కిక్కిరిసిన వార్డుకు ఆ భవనం ఇక పనికిరాకపోవచ్చు. కానీ ఆస్పత్రిగా పనికిరాదు అన్నది ఒక తీర్పు, కూల్చాలి అన్నది ఇంకో తీర్పు. మొదటిదానికి డాక్టర్లు చాలు. రెండోదానికి గోడల్ని, దూలాల్ని పరీక్షించిన స్ట్రక్చరల్ ఇంజనీర్ కావాలి. పెదనాన్న ఒప్పుకోలేదు, పెరుగన్నం తిని లేచి వెళ్లిపోయాడు.

బీఆర్క్ చేయనివాళ్లకు ఈ రంగంలోకి దారి లేదా అని అడుగుతారు. ఉంది. ఎంఆర్క్‌కు బీఆర్క్ కావాలి, కానీ కన్సర్వేషన్ అంటే ఎంఆర్క్ ఒక్కటే కాదు. కెమిస్ట్రీ చదివినవాళ్లు మ్యూజియం వస్తువులు, చిత్రాలు, తాళపత్రాల వైపు వెళ్లొచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలోనే కన్సర్వేషన్ ల్యాబ్ ఉంది, లక్నోలో జాతీయ స్థాయి పరిశోధనాలయం ఉంది, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో పీజీ ఉంది. చరిత్ర, ఆర్కియాలజీ వాళ్లకు ఉస్మానియాలో ఎంఏ ఉంది, గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ నడిపే రెండేళ్ల డిప్లొమా ఉంది. సివిల్ ఇంజనీర్లకు ఇంకా గిరాకీ. పాత కట్టడం ఎంత బరువు మోస్తుందో లెక్కకట్టగలిగేవాళ్లు చాలా తక్కువ, మద్రాస్ ఐఐటీలో ఇందుకోసం ప్రత్యేక కేంద్రమే ఉంది. ఉర్దూ చదవడం వస్తే హైదరాబాద్‌లో మీరు సగం గెలిచినట్టే. పాత దస్తావేజులు, మ్యాపుల మీద రాతలు ఎక్కువగా ఉర్దూలోనే ఉంటాయి, కొన్ని ఫార్సీ (పర్షియన్) భాషలో. నేను ఇప్పటికీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతాను.

ఇప్పుడు నేను, నా క్లాస్‌మేట్ కలిసి తార్నాకలో చిన్న ఆఫీసు నడుపుతున్నాం. కొత్త ఇళ్లకు ప్లాన్లు కూడా గీస్తాం, అద్దె అక్కణ్నుంచే వస్తుంది. రక్షిత కట్టడాల దగ్గర స్థలాలున్నవాళ్లు కూడా వస్తుంటారు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి. గోల్కొండ, చార్మినార్ చుట్టుపక్కల ఇది రోజూ ఉండే తలనొప్పి. వాళ్లకు మేం చేసేది ఎక్కువగా దరఖాస్తులు నింపడం, మ్యాపులు గీయడం.

ఈ మధ్య షాలిబండ దేవిడీ నుంచి ఫోన్ వచ్చింది. అన్నదమ్ముల్లో ఒకరు తన వాటా అమ్ముతున్నారట. కొనేవాళ్లకు అక్కడ హోటల్ పెట్టాలనుందట. నేనిచ్చిన డ్రాయింగుల సెట్టు చూసి, గోడలు గట్టిగా ఉన్నాయని ఇందులో రాశారు, కప్పు ఒక్కటే మారిస్తే సరిపోతుందా అని అడుగుతున్నారు. మళ్లీ వెళ్లి చూడకుండా చెప్పలేనన్నాను. వచ్చే వారం వెళ్తున్నాం. ఫీజు ఎంతో ఫోన్‌లోనే చెప్పేశాను.